న్యూజెర్సీలో మొదటి డిసెంబరు: గాజువాక అమ్మాయికి జవాబు

ఆంటీ అని రాశావు కాబట్టి నువ్వు అనే పిలుస్తానమ్మా. నీ ఉత్తరం నేను విశాఖలోనే చదివాను. నవంబరు చివర్లో వచ్చి జ్ఞానాపురంలో అమ్మ దగ్గర ఉన్నాను. రాస్ కొండ మీది మరియమాత చర్చి, అదే మన కొండగుడి, పండుగ చూసుకుని, క్రిస్మస్ చేసుకుని జనవరిలో మళ్లీ న్యూజెర్సీ వెళ్తాను. ఇది రాస్తుంటే వీధి చివర కుర్రాళ్లు వెదురు బద్దలు చీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నక్షత్రం కడుతున్నారు.

నాలుగు ప్రశ్నలు అడిగావు. తెలుగు పూజ (మాస్) ఎక్కడ జరుగుతుంది, విచారణలో, అంటే అక్కడి పారిష్‌లో, పేరు ఎలా రాయించుకోవాలి, పాపకు జ్ఞానస్నానం ఎప్పుడు ఇప్పించవచ్చు, క్రిస్మస్‌కి అక్కడ ఏమేం ఉంటాయి అని. ఉత్తరం చివర మాత్రం ఇంకో ముక్క రాశావు: మూడు నెలలుగా ప్రతి ఆదివారం గుడికి వెళ్తున్నా ఒక్కరూ పలకరించలేదని. నా దృష్టిలో అసలు సంగతి అదే. మిగతా వాటికి విచారణ ఆఫీసులో ఐదు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. దీనికి దొరకదు.

నేను 2003 అక్టోబరులో దిగాను. మన దగ్గర పూజ అయ్యాక ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. ఫాదర్ గారు గుమ్మం దగ్గర నిలబడతారు, వందనాలు ఫాదర్ అంటూ అందరూ చుట్టూ మూగుతారు, ఇంకో అరగంట గుడి ఆవరణలోనే. పెళ్లి సంబంధాలు, పిల్లల మార్కులు, ఎవరింట్లో జ్వరాలు, అన్నీ అక్కడే. కొత్త ముఖం కనబడితే 'ఏ ఊరమ్మా మీది' అని అడగకుండా వదలరు. నేను ఆ అలవాటుతోనే అక్కడ వెనక బెంచీ పక్కన నిలబడి చూసేదాన్ని, ఎవరో ఒకరు అడుగుతారని. వాళ్లు చిరునవ్వు నవ్వేవారు. నేను దాటేదాకా తలుపు పట్టుకుని ఆగేవారు. కార్లెక్కి వెళ్లిపోయేవారు. పది నిమిషాల్లో పార్కింగ్ ఖాళీ. పొగరు అనుకున్నాను, నా రంగు చూసి అనుకున్నాను. ఏడాది పైగా అలాగే అనుకుంటూ బతికాను.

అది పొగరు కాదమ్మా. మనంతట మనం చెప్పకుండా మన సంగతి అడిగితే సొంత విషయాల్లో తలదూర్చినట్టని వాళ్లు మొహమాటపడతారు. పైగా అదే గుడి కింద హాల్లో ప్రతి ఆదివారం కాఫీ, డోనట్లు పెట్టేవారు. చందా కట్టిన సభ్యులకే అనుకుని నేను ఒక్కసారి కూడా మెట్లు దిగలేదు. అందరికీ అని తర్వాత తెలిసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, అక్కడ అది అక్షరాలా నిజం.

ఆ మొదటి డిసెంబరులో చేసిన పొరపాట్లు నాకు ఈరోజుకీ గుర్తే.

డిసెంబరు 8. చిన్నప్పటి నుంచీ ఆ రోజంటే నాకు కొండగుడే. రాస్ కొండ మెట్ల మీద కొవ్వొత్తులు, పూలదండలు, కిందికి చూస్తే హార్బరులోకి వచ్చే ఓడలు. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మన మరియమాత. ఆ దేశంలో ఆ రోజు సంగతి ఎవరికి తెలుసులే అని తలుపేసుకుని పడుకుని ఏడ్చాను. తీరా చూస్తే ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంటుకు మైలున్నర దూరంలో గుడి నిండా జనమట. ఆ రోజు పండుగ జరిగే నిష్కళంక మాత, అంటే జన్మపాపం అంటని మరియమాత, అమెరికా దేశానికే పాలక పునీతురాలు, అక్కడి కతోలికులకు ఆ రోజు పూజ తప్పనిసరి. 1846లో బాల్టిమోర్‌లో సమావేశమైన బిషప్పులు ఆ తల్లిని పాలక పునీతురాలిగా ఎంచుకున్నారు. అదే ఏడాది యూరప్‌లోని అన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు మన విశాఖకు చేరారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నువ్వు మాత్రం ఈసారి ఆ పూజ మానకు.

రెండోది గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. గుడి వాకిట్లో ఒక క్రిస్మస్ చెట్టు, దాని కొమ్మలకు దారాలతో కట్టిన కాగితం చీటీలు. అందరూ ఒక్కొక్కటి తీసుకుంటున్నారు. ప్రార్థన విన్నపాలేమో, ఇంటికి తీసుకెళ్లి ప్రార్థించాలేమో అనుకుని నేనూ ఒకటి తీసుకున్నాను. 'అబ్బాయి, 8 ఏళ్లు, చలికోటు' అని ఉంది. ఎవరో పిల్లవాడు చలికి ఇబ్బంది పడుతున్నాడు కాబోలని రెండు వారాలు రోజూ జపమాలలో తలుచుకున్నాను. ఆ తర్వాత బులెటిన్, అంటే గుడిలో పంచే సమాచారం కాగితం, చదివితే అర్థమైంది. అది గివింగ్ ట్రీ. చీటీ తీసుకున్నవాళ్లే ఆ వస్తువు కొని, చీటీ అంటించి చెట్టు కింద పెట్టాలి. ఇవ్వాల్సిన గడువు ముందురోజే అయిపోయింది. సోమవారం పొద్దున్నే నీలం రంగు కోటు కొని విచారణ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడున్నావిడ కోటు తీసుకుని, ఇంకా బండి వెళ్లలేదులే అంది. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే ఆ రెండు వారాలూ ఆ కోటు నా అలమారలో సిద్ధంగా ఉండేది.

మూడోది అర్ధరాత్రి పూజ. పట్టుచీర కట్టుకుని, పైన కోటు వేసుకుని, మంచులో మా ఆయన బండి నడుపుతుంటే పదకొండు నలభైకి చేరాం. గుడి చీకటి. తలుపులకు తాళం. బయట పశువుల పాక దగ్గర ఒక్క దీపం వెలుగుతోంది. తొట్టిలో బాలయేసు అప్పటికే ఉన్నాడు. అంటే పూజ అయిపోయిందన్నమాట. మిడ్‌నైట్ మాస్ అని పేరే గానీ ఆ ఏడాది రాత్రి పదికే పెట్టారు. చాలా గుళ్లలో పిల్లల కోసం సాయంత్రం నాలుగుకే ఒక పూజ ఉంటుంది. టైము బులెటిన్‌లో చూసుకో, అంతకంటే చెప్పేదేం లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి కాలింగ్ కార్డు గీకి అమ్మకు ఫోన్ చేస్తే, వెనక గుడి గంట వినిపించింది. నీకు వీడియో కాల్ ఉంది, అమ్మ ముఖం చూస్తావు. మాకు నిమిషాలు లెక్కపెట్టుకుంటూ గొంతు వినడమే.

మారింది రెండో డిసెంబరులో. ఇంట్లో కూర్చుని దిగులు పడలేక, తోటపని దుకాణంలో మొక్కలకు ఊతంగా అమ్మే సన్నటి వెదురు పుల్లలు కొన్నాను. మా నాన్న కట్టినట్టే రెండు ఐదు కొనల నక్షత్రాలు కట్టి, మధ్యలో అడ్డు పుల్లలు పెట్టి ఉబ్బెత్తుగా చేశాను. ఎర్ర టిష్యూ కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి బాల్కనీలో వేలాడదీశాను. మర్నాడు సాయంత్రం తలుపు చప్పుడైంది. పై అంతస్తులో ఉండే ఫిలిప్పీన్స్ ఆవిడ. నక్షత్రం వైపు వేలు చూపించి 'పరోల్!' అంది. వాళ్ల దేశంలోనూ వెదురు పుల్లలు, కాగితంతో అచ్చం ఇలాంటిదే కడతారట. ఆవిడ కళ్లల్లో నీళ్లు. ఏడాదిగా ఒకే గుడిలో, నాలుగు బెంచీల తేడాలో కూర్చున్నామని అప్పుడు తెలిసింది.

ఆవిడే నన్ను సింబాంగ్ గాబీకి తీసుకెళ్లింది. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు వాళ్లు చేసుకునే పూజలు. సొంత దేశంలో తెల్లవారకముందే చేసుకుంటారు, అమెరికాలో చాలాచోట్ల సాయంత్రం పెడతారు. మూడో రోజుకు నా చేతికి వడ్డించే గరిటె వచ్చింది. ఐదో రోజుకు కుర్చీలు మడతపెట్టే బృందంలో పడ్డాను. పన్నెండుమంది నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నారు. ఈ ఇరవై ఏళ్లలో నేను ఆ విచారణలో చెయ్యని పని లేదు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లను వాకిట్లో పలకరించేది నేనే. గర్వంగానే చెబుతున్నాను, ఊరికే రాలేదు అది.

అందుకే తెలుగు పూజ గురించి అడిగితే నా సలహా నీకు నచ్చకపోవచ్చు. అక్కడి విచారణల్లో మన తెలుగు ఫాదర్లు చాలామంది సేవ చేస్తున్నారు. కొన్నిచోట్ల అప్పుడప్పుడు తెలుగులో పూజ ఉంటుంది. వెళ్లు, తప్పకుండా వెళ్లు, మన భాషలో మంగళవార్త జపం చెప్పుకుంటే ఆ తృప్తే వేరు. కానీ దాన్నే నమ్ముకుని దగ్గరున్న గుడి వదలకు. నేను కొన్నాళ్లు నెలకోసారి గంటన్నర ప్రయాణం చేసి తెలుగు పూజకు వెళ్లి, మిగతా ఆదివారాలు బద్ధకించాను. జ్వరమొచ్చినప్పుడు చారు తెచ్చిచ్చేది ఇంటి దగ్గరివాళ్లే, గంటన్నర దూరంలో ఉన్నవాళ్లు కాదు. మన బృందంతో సెప్టెంబరులో వాషింగ్టన్ వెళ్లు. అక్కడి జాతీయ పుణ్యక్షేత్రంలో 1997 నుంచి మన వేళాంకణి మాతకు ప్రత్యేకంగా చిన్న మందిరం ఉంది. అక్కడ చీరలు చూసి కడుపు నిండిపోతుంది.

పేరు రాయించుకోవడం ఈ వారమే చెయ్యి. ఒక్క ఫారం. తర్వాత ఇంటికి కానుకల కవర్లు వస్తాయి. బిల్లు అనుకుని నాలా కంగారుపడకు, వీలైనంతే వెయ్యి. జ్ఞానస్నానానికి జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి ఎవరుండాలి, ఏ కాగితాలు కావాలి అనేవి వాళ్లే చెబుతారు. మీ తమ్ముణ్ణే జ్ఞానతండ్రిగా అనుకుంటే, వాళ్ల విచారణ గురువుగారి దగ్గర లెటరు ఇప్పుడే అడగమను.

ఈ ఆదివారం పూజ అయ్యాక కాఫీ హాలు ఉందేమో చూడు. కప్పు పట్టుకుని మూల నిలబడకు. బల్లలు సర్దుతున్నవాళ్ల దగ్గరికెళ్లి 'నేనూ ఒక చెయ్యి వేస్తాను' అను. పాపను ఎత్తుకుని వెళ్లు, ముద్దు చెయ్యని ముసలామె ఆ హాల్లో ఉండదు. పశువుల పాక అలంకరించడానికి ఎవరు వస్తారో, కేరల్స్ పాడే బృందంలో చోటుందో అడుగు. మీ ఆయనకు ఆఫీసు టెన్షన్ ఉంటే ఆయన్ని లాగకు, నువ్వు వెళ్లు. పగలంతా నాలుగు గోడల మధ్య ఉండేది నువ్వే.

బాల్కనీలో నక్షత్రం మాత్రం కట్టు. మీ విచారణ పేరు, ఊరు రాసి పంపు, ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన కుటుంబాలున్నాయి, ఫోన్ చేయిస్తాను. గులాబీ పూల పిండివంటకు అచ్చు తెచ్చుకోలేదన్నావు కదా. రేపు అమ్మతో పూర్ణా మార్కెట్‌కు వెళ్తున్నాను, నీకూ ఒకటి కొంటాను. జనవరిలో పోస్టు చేస్తాను, అడ్రసు పంపించు.