సగం ధరకు సముద్రం కనిపించే ఇల్లు: ప్లాటు అమ్మి డబ్బు పంపాలా?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. గుంటూరులో ఉంటున్నాను. మా అబ్బాయి కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పక్కనే ఉన్న రాంచో పాలోస్ వెర్డెస్‌లో సముద్రం కనిపించే ఇల్లు సగం ధరకే వస్తోందట. అక్కడ కొండ కొంచెం కదులుతోందని, అందుకే చవకని, బ్యాంకు రుణం రాదు కాబట్టి మొత్తం నగదే కట్టాలని అంటున్నాడు. 2006లో మంగళగిరి దగ్గర కొన్న ప్లాటు అమ్మితే 90 లక్షలు వస్తాయి. పంపమంటారా?

జవాబు: వద్దు మాస్టారూ. ప్లాటు అమ్మకండి.

మీ ఉత్తరంలో ‘బ్యాంకు రుణం రాదు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇళ్లు తాకట్టు పెట్టుకుని వ్యాపారం చేసే బ్యాంకే ఆ ఇంటిని తాకట్టుకు వద్దంటోంది. రేపు మీ అబ్బాయి అమ్మాలనుకున్నా, పూర్తి సొమ్ము చేతిలో ఉండి, కదిలే కొండకు భయపడని మనిషే రావాలి. అలాంటివారు ఎందరుంటారు? సగం ధర అంటే అదే.

రుణం రాదంటున్నారు కాబట్టి ఆ ఇల్లు పోర్చుగీస్ బెండ్ అనే జారుడు ప్రాంతంలోనో, దాని అంచునో ఉండి ఉండాలి. అక్కడ నేల అడుగున బెంటోనైట్ అనే బంకమట్టి పొర ఉంది. వాన నీరు దిగితే సబ్బులా జారుతుంది. 1956లో రోడ్డు పనులతో పాత జారుడు మళ్లీ మొదలై వందకు పైగా ఇళ్లు పోయాయి. అక్కడ మురుగు గొట్టాలను నేల మీదే పరుస్తారు, పాతితే తెగిపోతాయని. కొందరు ఇంటి కింద ఉక్కు దూలాలు వేయించుకున్నారు. నేల ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా జాకీలతో ఇల్లు ఎత్తి మట్టం సరిచేసుకుంటారు. దశాబ్దాలు అలాగే నెట్టుకొచ్చారు. 2023 భారీ వానల తర్వాత పరిస్థితి చేయి దాటింది. 2024 శరత్కాలంలో కొన్నిచోట్ల నేల వారానికి 4 అంగుళాల దాకా కదిలినట్టు నాసా రాడార్ కొలతల్లో తేలింది. చాలా ఇళ్లకు గ్యాసు, కరెంటు ఆపేశారు. దీన్ని ‘కొంచెం’ అనడం మీ అబ్బాయి ఆశే తప్ప మరొకటి కాదు.

కొండ ఒక్కటే కదలదు, నిబంధనలూ కదులుతాయి. 1978లో నగర పాలక సంస్థ అక్కడ కొత్త కట్టడాలను నిలిపివేసింది. ఖాళీ స్థలాల యజమానులు కోర్టుకెక్కారు. 2008లో అప్పీలు కోర్టు వారి పక్షాన తీర్పు ఇవ్వడంతో 16 ప్లాట్లకు దారి తెరుచుకుంది. 2025లో నగరం నిషేధాన్ని శాశ్వతం చేసింది. అదే మట్టి, అదే సముద్రం. కానీ అలాంటి చోట ఇంటి ధరలో పెద్ద వాటా నేలది, ఆ నేల మీద కట్టుకునే హక్కుది. ఆ హక్కు సన్నగిల్లితే మిగిలేది గోడలే. మన దగ్గర సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితాలోకి ఎక్కితే ప్లాటు గతి ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. ఇదే నిబంధన గట్టి నేల మీది ఇళ్లకు మాత్రం మేలు చేస్తుంది: కొత్తవి పెరగవు కాబట్టి ఉన్నవాటికే గిరాకీ.

బీమా మీద భరోసా పెట్టుకోకండి. మన భారత్ గృహ రక్ష పాలసీలో కొండచరియలు విరిగిపడటం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంది. అమెరికాలో మామూలు ఇంటి బీమా నేల కదిలితే చెల్లించదు. ఇక ప్రభుత్వమే కొనేస్తుందన్న ఆశ కూడా వద్దు. 2024 అక్టోబరులో 4.2 కోట్ల డాలర్లతో అలాంటి పథకం ప్రకటించారు. అది సుమారు 20 ఇళ్లకు సరిపోయే సొమ్ము. ఇస్తామన్నది 2022 డిసెంబరు నాటి విలువలో 75 శాతం. కొత్తగా కొన్నవారికి ఆ వరుసలో చోటు దొరుకుతుందని లెక్క వేసుకోలేం.

ఇప్పుడు మీ వైపు లెక్క. ప్లాటు లాభంపై పన్ను ఉంటుంది: 2024 జులై 23కు ముందు కొన్నది కాబట్టి ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఈ రెండింటిలో తక్కువైనది కట్టవచ్చు. ఇండియాలో ఇల్లు కొంటే దక్కే మినహాయింపు, అమెరికాలో కొడుకు పేరిట కొంటే దక్కదు. ఆపైన విదేశాలకు పంపేటప్పుడు 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, వసూలు చేస్తుంది. 90 లక్షలు పంపాలంటే అదనంగా 16 లక్షలు చేతిలో ఉండాలి. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, నిజమే. అంతవరకు ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారు?

జీతంలో మిగిల్చి కొన్న స్థలం అది. మీ ఇద్దరి వైద్యానికి, పింఛను చాలని రోజులకు అదే ఆసరా. అబ్బాయికి సాయం చేయాలన్న మీ మనసు నాకు అర్థమవుతోంది. బ్యాంకు రుణమిచ్చే ఇల్లు చూసుకోమనండి. డౌన్ పేమెంటులో కొంత తగ్గితే అప్పుడు మీ డిపాజిట్లలోంచి ఎంత ఇవ్వగలరో కూర్చుని చూద్దాం. జారుడు ప్రాంతం చుట్టూ నగరం గీసిన గీత బయట ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదని కూడా చెప్పండి. పక్కనే రోలింగ్ హిల్స్ ఎస్టేట్స్‌లో 2023 జులైలో ఒకే వీధిలో 12 ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఏ ఇల్లు చూసినా, బయానా ఇచ్చే ముందు సొంత ఖర్చుతో భూగర్భ నిపుణుడి నివేదిక తీసుకోవాలి.

ఇప్పుడు చూస్తున్న ఇల్లు నగరం మ్యాపులో ఎక్కడ ఉందో, అందులో గ్యాసు పొయ్యి వెలుగుతోందో లేదో ఈ వారమే కనుక్కోమనండి. ప్లాటుకు మాత్రం ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి.