గుంటుపల్లి బౌద్ధ గుహల్లో ముఖ్యంగా చూడవలసినది ఏమిటి?

ఏలూరు జిల్లా కామవరపుకోట సమీపంలో, జీలకర్రగూడెం గ్రామాన్ని ఆనుకొని ఉన్న గుంటుపల్లి కొండపై తప్పక చూడవలసినది వృత్తాకార చైత్యగృహం, అంటే స్తూపాన్ని పూజించే బౌద్ధ ప్రార్థనా మందిరం. సుమారు క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఇసుకరాతిని తొలిచి నిర్మించిన ఈ గుహాలయం మధ్యలో, అదే రాతి నుంచి చెక్కిన స్తూపం ఉంది. లోపలికి వెళ్లగానే స్తూపాన్ని చూసి తిరిగి రాకుండా, ఒక్క నిమిషం తలెత్తి పైకప్పును గమనించండి. గొడుగు ఊచల వలె నడిమి నుంచి అంచులకు దిగే దూలాలు, వాసాలు అక్కడ కనిపిస్తాయి. రాతి కప్పుకు వాటి ఆసరా ఏమాత్రం అవసరం లేకపోయినా, అంతకు ముందు కలపతో కట్టిన గుండ్రని కట్టడాల రూపాన్ని శిల్పులు రాతిలో యథాతథంగా నిలిపారు. ద్వారంపై ఉన్న గుర్రపునాడా ఆకారపు తోరణం కూడా ఆ కొయ్యపని జ్ఞాపకమే. బిహార్‌లోని బరాబర్ కొండల్లో ఉన్న లోమశ ఋషి గుహ ముఖద్వారంతో దీనికి స్పష్టమైన పోలిక ఉంది. మన నేలపై ఇంత ప్రాచీనమైన పనితనం ఇంత చక్కగా మిగలడం నాకు ఎంతో అపురూపంగా తోస్తుంది.

స్థానికులు ఈ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు కనుక, లోపల నిశ్శబ్దం పాటించడం మర్యాద.

ఆ పక్కన కొండ అంచు వెంబడి భిక్షువులు నివసించిన విహార గుహలు, పైన ఇటుక చైత్యపు శిథిలాలు, భక్తులు మొక్కుబడిగా కట్టించిన చిన్న స్తూపాల వరుసలు ఉన్నాయి. ఈ భాగమంతా ఆరుబయటే ఉండడం వల్ల ఎండ ముదరకముందే కొండ ఎక్కడం, తాగునీరు వెంట ఉంచుకోవడం మంచిది.