మీ ప్రశ్నకు జవాబు: చెరకు పిప్పితో ఇథనాల్ తీయవచ్చా?

ప్రశ్న: మాకు అనకాపల్లి దగ్గర చెరకు తోట ఉంది. బెల్లం వండగా ఇంకా కొంత పిప్పి మిగిలిపోతోంది. దాని నుంచి ఇథనాల్ తీయవచ్చని విన్నాం. నలుగురు రైతులం కలిసి చిన్న యూనిట్ పెట్టుకోగలమా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తీయవచ్చు, కాని నలుగురు రైతులు కలిసి పెట్టుకోగల పరిశ్రమ కాదది. మామూలుగా ఇథనాల్ తీసేది మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) నుంచి, నూకల నుంచి. మొలాసిస్‌లో చక్కెర సిద్ధంగా ఉంటుంది, నూకల్లోని పిండిపదార్థం తేలికగా చక్కెరగా మారుతుంది. పిప్పిలోనూ ఉన్నది చక్కెరే అయినా, అది సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ అనే గొలుసులుగా అల్లుకుని, లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థంతో బిగిసిపోయి ఉంటుంది. అందుకని పిప్పిని ముందు పలుచని ఆమ్లంతోనో, అధిక పీడనం గల ఆవిరితోనో మెత్తబరచి, తర్వాత ఎంజైములతో గ్లూకోజ్‌గా విడగొట్టి, ఆపైన ఈస్టుతో పులియబెట్టాలి. హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్టు ముట్టనే ముట్టదు. ఖర్చు ఎక్కువయ్యేది మెత్తబరచడం, ఎంజైములతో విడగొట్టడం అనే మొదటి రెండు దశల్లోనే.

ఇలాంటి కర్మాగారం ఎంత పెద్దదో చూడండి. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసే లక్ష్యంతో కట్టారు. అంటే టన్నుకు 150 లీటర్లు. లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే కనుక, అది 100 లీటర్ల పెట్రోలుకు సమానం.

ఇంధనం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇటువంటి కర్మాగారం గిట్టుబాటు కావడం కష్టమని మా అభిప్రాయం. దానితో పాటు అమ్ముకోగల ఇతర సరుకులూ తీయాలి. ఉదాహరణకు, జైలోజ్‌ను ఆమ్లంతో వేడిచేస్తే ఫర్‌ఫ్యురాల్ అనే రసాయనం వస్తుంది. కందెన నూనెల శుద్ధికీ, ఫౌండ్రీల్లో లోహం పోసే అచ్చుల్లో వాడే రెజిన్లకూ అది కావాలి. అమెరికాలో 1920ల్లోనే ఓట్స్ పొట్టు నుంచి దాన్ని తీశారు. అస్సాంలోని నుమాలీగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్‌తో పాటు ఫర్‌ఫ్యురాల్, ఎసిటిక్ ఆమ్లం కూడా తీసేలా కర్మాగారం కట్టారు. నార్వేలోని బోరెగార్డ్ సంస్థ స్ప్రూస్ కలప లిగ్నిన్ నుంచి వెనిలిన్ తీస్తుంది. ఐస్‌క్రీముకు వాసననిచ్చేది అదే!

ఇక మీ పిప్పి సంగతి. బెల్లం పొయ్యికి అదే వంటచెరకు. దాన్నంతా అమ్ముకుని పుల్లలు కొనే పరిస్థితి తెచ్చుకోకండి. పొయ్యి అవసరం తీరాక మిగిలినదాన్ని గుళికలుగా నొక్కించడం మీకు అందుబాటులో ఉన్న మార్గం. థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు పంట వ్యర్థాల గుళికలను కొంత శాతం మండించాలని కేంద్ర ప్రభుత్వం 2021లో విధానం తెచ్చింది. మీకు దగ్గర్లో, పరవాడ వద్ద ఉన్న సింహాద్రి థర్మల్ కేంద్రం కూడా బొగ్గుతో నడిచేదే. అయితే అప్పుడే గానుగ నుంచి వచ్చిన పిప్పిలో దాదాపు సగం నీరే ఉంటుంది, వానాకాలంలో అది ఆరదు. కొనేవారు ఒప్పుకునే తేమ, బూడిద శాతాలనూ, రవాణా ఎవరిదన్నదీ రాతపూర్వకంగా తేల్చుకున్న తర్వాతే యంత్రానికి బయానా ఇవ్వండి.