పాత కీబోర్డు కొనవచ్చా?

ప్రశ్న: రోజంతా టైపు చేసే పని నాది. 1980ల నాటి ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు అమ్మకానికి దొరికింది. అది కొనవచ్చా, కొత్త మెకానికల్ కీబోర్డే మేలా?

జవాబు: మోడల్ ఎంలో ప్రతి కీ కింద ఉన్న స్ప్రింగు, ఒత్తిడి పెరగగానే ఒక్కసారిగా పక్కకు వంగి, చిన్న సుత్తిలాంటి భాగాన్ని అడుగునున్న పొరకు తాకిస్తుంది కనుక, అక్షరం పడిన సంగతి వేలికీ చెవికీ అప్పుడే తెలిసిపోతుంది, ఆ స్పష్టత నేటి మెకానికల్ కీబోర్డుల్లో ఒక్కో కీ కింద విడిగా ఉండే, క్లిక్కుమని మోగే చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లోనూ అంతగా లేదని నా అభిప్రాయం. అయితే లోపలి పొరలను పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి విరుగుతాయి. కొనే ముందు మెల్లగా ఊపి చూడండి. ముక్కలు గలగలమంటే బేరమాడండి. మరమ్మతుకు ఓపిక లేకపోతే, పాడైన స్విచ్‌ను టంకంతో పని లేకుండా పీకి మార్చుకోగల హాట్‌స్వాప్ కీబోర్డే మీకు తగినది.