అలసిపోతే అవిశ్వాసమేనా?

ప్రశ్న: అక్కా, వందనాలు. అమ్మ పక్షవాతంతో మంచాన పడి ఇది మూడో ఏడు. పగలు ఆయా చూసుకుంటుంది, నేను ఉద్యోగానికి వెళ్తాను. రాత్రంతా నేనే. పక్కకు తిప్పకపోతే ఒంటిమీద పుండ్లు పడతాయని రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేస్తాను. అన్నయ్య డబ్బు పంపుతాడు, మనిషి మాత్రం రాడు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న వాక్యం మా గోడ మీదే ఉంది. రోజూ చదువుతాను. బరువు మాత్రం తగ్గలేదు. ఆరాధనలో కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది, కొన్ని ఆదివారాలు వెళ్లలేకపోతున్నాను. సంఘంలో ఒకావిడ "విశ్వాసం ఉంటే ఇంత టెన్షన్ ఉండదమ్మా, నీ ప్రార్థనలోనే ఎక్కడో లోపం ఉంది" అన్నారు. అప్పటినుంచి మోకరిస్తే నోట మాట రావడం లేదు. నాలో విశ్వాసం లేదంటారా?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, నీ విశ్వాసానికి ఏమీ కాలేదు. నీకు నిద్ర చాలడం లేదు. సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోతే ప్రభువే "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అన్నాడు. అలిసిన ఒంటి సంగతి ఆయనకు తెలుసు.

నీ గోడ మీదున్నది మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం. ఇవాళ వీలు చూసుకుని దానికి ముందూ వెనకా కూడా చదువు. అధ్యాయం మొదట్లో బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉన్నాడు. రావలసిన రక్షకుడివి నువ్వేనా, ఇంకొకరి కోసం ఎదురుచూడాలా అని యేసుకు కబురు పంపాడు. అంతటి ప్రవక్తకే ఆ సందేహం వచ్చింది. యేసు అతణ్ణి చిన్నబుచ్చలేదు సరికదా, స్త్రీలు కన్నవారిలో అతనికంటే గొప్పవాడు పుట్టలేదని జనం ముందు చెప్పాడు. "నా యొద్దకు రండి" అన్నది కూడా ఆ అధ్యాయంలోనే. అది ముగిసీ ముగియగానే 12వ అధ్యాయం విశ్రాంతి దినం గొడవతో మొదలవుతుంది. ఏ పనీ చెయ్యకూడని ఆ రోజున ఆకలేసి వెన్నులు తుంచుకున్న శిష్యులను, ధర్మశాస్త్ర నియమాల్లో పట్టుదలగా ఉండే పరిసయ్యులు తప్పుపట్టారు. ఆయన పిలిచిన ఆ జనం బతుకు బరువుతో పాటు భక్తి పేరుతో ఇతరులు కట్టిపెట్టిన బరువు కూడా మోస్తున్నారు. "మోయ శక్యముకాని భారమైన బరువులు" కట్టి మనుషుల భుజాల మీద పెట్టేవాళ్లు వేలితోనైనా వాటిని కదిలించరని 23వ అధ్యాయంలో ఆయన ఎంత కోపంగా అన్నాడో చూడు.

అమ్మను చూసుకోవడం ప్రేమతో ఎత్తుకున్న బరువు. అది ఒక్క రాత్రిలో దిగేది కాదు. "నీ ప్రార్థనలో లోపం" అన్న మాట మాత్రం దేవుడు నీ మీద పెట్టలేదు. దాన్ని ఇప్పుడే దించెయ్యి. ఆ సోదరి మంచి మనసుతోనే అని ఉండొచ్చు, అయినా అది నువ్వు మోయాల్సింది కాదు.

నీ గోడ మీదున్న వాక్యం తర్వాతి వచనంలో ప్రభువు తన కాడి ఎత్తుకోమంటాడు. విశ్రాంతి ఇస్తానన్నవాడే కాడి గురించి కూడా చెప్పాడు కాబట్టి, పని ఉండదని ఆయన మాట ఇవ్వలేదు. మరి విశ్రాంతి ఎక్కడుంది? నాకు తెలిసినంతలో చెబుతాను. బాగా మోస్తున్నానని ఆయన ముందు రుజువు చేసుకోనక్కర్లేదు. ఒక రాత్రి అలారం వినపడకపోయినా, అమ్మ మీద విసుక్కున్నా, ఆయన దగ్గర నీ చోటు పోదు. సిలువ దగ్గరే అది ఖాయమైంది. చేతులు పనిలో ఉన్నా గుండెకు ఆ నెమ్మది దొరుకుతుంది.

ఏలీయా ప్రవక్త కథ నాకు చాలా ఇష్టం. తనను చంపిస్తానన్న యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవుడు అప్పుడు అతనికి ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి అప్పం, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే అప్పుడూ ఏమీ అనలేదు. రెండోసారి లేపి, ముందు ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. నిద్ర కూడా దేవుడిచ్చే విశ్రాంతిలో భాగమే, చెల్లెమ్మా.

మా అత్తగారు మంచాన ఉన్నప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ వచ్చేది. వాక్యం చెప్పేది కాదు. తడిసిన దుప్పట్లు బకెట్లో వేసుకుని పెరట్లోకి వెళ్లి ఉతికి ఆరేసి, "నువ్వు కాసేపు పడుకో, నేనున్నా" అనేది. "ఒకని భారముల నొకడు భరించి" అని పౌలు గలతీయులకు రాసిన మాట నాకు అలా కళ్లముందు కనపడింది.

కాబట్టి అడుగు. ఈ ఇశ్రాయేలు జనమంతటినీ ఒంటరిగా మోయలేనని మోషే మొరపెట్టుకుంటే, దేవుడు నీకింకా విశ్వాసం కావాలి అనలేదు, 70 మంది పెద్దలను తోడిచ్చాడు. అన్నయ్యకు ఫోన్ చేసి, నెలలో ఫలానా రెండు రాత్రులు వచ్చి అమ్మ దగ్గర ఉండాలని తేదీలతో సహా చెప్పు. వీలున్నప్పుడు రమ్మంటే ఎవరికీ వీలుండదు. రాలేనంటే ఆ రాత్రులకు మనిషిని పెట్టే ఖర్చు భరించమను. ఆదివారం ఆరాధన జరిగేంతసేపు వంతులవారీగా ఎవరైనా అమ్మ దగ్గర కూర్చునేలా చూడమని పాస్టరుగారిని అడుగు. అంతవరకు నువ్వు రాలేని ఆదివారాలకు బాధపడకు. విశ్రాంతి దినం మనుషుల కోసమే నియమించబడిందని ప్రభువే చెప్పాడు.

ప్రార్థనలో మాట రాకపోతే కీర్తన 88 తెరిచి పైకి చదువు. అది మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, స్తోత్రం వరకు రాదు. అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలో ఉంచాడు. రాత్రి అలారం మోగి అమ్మను తిప్పేటప్పుడు "ప్రభువా, నీ చెయ్యి కూడా వెయ్యి" అన్నా చాలు, అదీ ప్రార్థనే.

ఇంకో మాట. నిద్రపోయే వీలున్నా నిద్ర రాకపోవడం, ఏడుపు ఆగకపోవడం, ఏలీయాలా చనిపోతే బాగుండుననిపించడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చెప్పు. మందులు వాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదు. అమ్మకు డాక్టరును పిలిచినప్పుడు నువ్వు అలా అనుకోలేదు కదా.