ప్రతి ఆదివారం పరీక్షే రాస్తే చదివేదెప్పుడు?

ప్రశ్న: సార్, నాకు 34 ఏళ్లు, గుంటూరులో ఉద్యోగం. ఏడాది కిందట రోడ్ బైక్ కొన్నాను. అమరావతి రోడ్డులో లాం దాటాక పది కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అదే దారిలో వెనక్కి, మొత్తం 20 కిలోమీటర్లు ఒక్కడినే టైమ్ పెట్టుకుని తొక్కుతుంటాను. మొదట్లో 47 నిమిషాలు పట్టేది, నాలుగైదు నెలల్లో 40కి దిగింది. ఇక అక్కడే ఆగిపోయింది. వారానికి మూడు నాలుగు సార్లు ప్రాణం పెట్టి తొక్కుతున్నా 41, 42 వస్తోంది. వెళ్లేటప్పుడు 18 నిమిషాల్లో వెళ్లిపోతాను, తిరిగి రావడానికి 23 పడుతోంది. స్ట్రావా యాప్‌లో మావాళ్ల టైమింగులు చూస్తే ఇంకా నీరసం. సైకిల్ అమ్మేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మకండి. 47 నుంచి 40కి దించిన మనిషి అమ్మేయడమేంటి! మీ ఉత్తరంలోనే రెండు విషయాలు కనిపిస్తున్నాయి. ఒకటి, ఆ 18, 23 లెక్క. రెండోది, వారానికి మూడు నాలుగు సార్లు ప్రాణం పెట్టి తొక్కడం. మీ టైమ్ ఆగిపోయింది ఈ రెండింటి వల్లే అని నా నమ్మకం.

ముందు మొదటిది చూద్దాం. వెళ్లేటప్పుడు మీ వేగం గంటకు 33 కిలోమీటర్ల పైన, వచ్చేటప్పుడు 26. బయల్దేరిన మొదటి రెండు మూడు నిమిషాలు కాళ్లకు అలసట తెలియదు, ఆయాసం ఇంకా అందుకోలేదు, ఎంత తొక్కితే అంత వేగం ఇట్టే వచ్చేస్తుంది, దాంతో ఇవాళ రికార్డు ఖాయం అనుకుంటాం. ఆరో కిలోమీటరో ఏడో కిలోమీటరో వచ్చేసరికి తొడలు బరువెక్కుతాయి, నోరు తెరుచుకుంటుంది, తిరిగే చోటు ఎప్పుడొస్తుందా అని కళ్లు వెతుకుతుంటాయి. అక్కడి నుంచి మీరు తొక్కేది టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ) కాదు, ఎలాగోలా ఇల్లు చేరడం. అసలు పోటీల్లో అయితే ఒక్కొక్కరినీ కొంత వ్యవధి ఇచ్చి, చాలాచోట్ల నిమిషానికి ఒకరు చొప్పున వదులుతారు, ఇంకొకరి వెనక గాలి చాటున తొక్కడానికి వీల్లేదు. అంటే మన వేగాన్ని మనమే పట్టి ఉంచుకోవాలి. ఈ ఆటలో నేర్చుకోవలసిన అసలు విద్య అదే, కాలిబలం దాని తర్వాతే.

అయితే ఒక అనుమానం తీర్చుకోవాలి. వెళ్లేటప్పుడు మీ వీపు వెనక గాలి ఉందేమో? రోడ్డు పక్కన జెండాలు, ఫ్లెక్సీలు ఎటు ఊగుతున్నాయో బయల్దేరే ముందు ఒకసారి చూడండి. వెళ్లేటప్పుడు లాభం, వచ్చేటప్పుడు నష్టం, చివరికి చెల్లుకు చెల్లు అనుకుంటారు చాలామంది, అది నిజం కాదు. గాలి లేని రోజు రెండువైపులా 30 వేగంతో వెళితే 20 కిలోమీటర్లకు సరిగ్గా 40 నిమిషాలు. గాలి వల్ల ఒకవైపు 35, ఇంకోవైపు 25 వచ్చిందనుకోండి, మొదటిదానికి 17 నిమిషాల 9 సెకన్లు, రెండోదానికి 24 నిమిషాలు, మొత్తం 41 నిమిషాల 9 సెకన్లు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి ఆ నష్టం పూడదు. మీరు దిగులు పడుతున్న ఆ ఒక్క నిమిషం గాలి పట్టుకుపోయిందే కావచ్చు! అందుకే తెల్లవారుజామున ఆకు కదలని రోజు చూసుకుని టైమ్ తీయండి. ఏప్రిల్, మే నెలల టైమింగులను డిసెంబరు వాటి పక్కన పెట్టకండి, గుంటూరు ఎండాకాలంలో ఐదింటికి బయల్దేరినా అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

ఇంకో లెక్క కూడా తెలిస్తే మనసు కుదుటపడుతుంది. గాలిని చీల్చుకుని వెళ్లడానికి కావలసిన పవర్ వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం పది శాతం పెంచాలంటే దాదాపు 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. 40 నిమిషాలను 39 చేయాలన్నా ఇంచుమించు 8 శాతం. 47 నుంచి 40కి రావడం, 40 నుంచి 39కి రావడం ఒకే రకం పని కాదు. ఇప్పుడు మీకు వచ్చే పది సెకన్లు కూడా గట్టి సంపాదనే.

ఇక రెండోది. ప్రతిసారీ టైమ్ పెట్టుకుని తొక్కడమంటే చదవకుండా రోజూ పరీక్ష రాయడం లాంటిది. వచ్చే నాలుగు వారాలు ఆ 20 కిలోమీటర్లకు టైమ్ తీయకండి. వారంలో రెండు రోజులు, పక్కనున్న మనిషితో ఆగకుండా కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా తొక్కండి. సిగ్గుపడేంత నెమ్మది అనిపించినా సరే, పక్కనుంచి పాల క్యాన్ల బండి దాటిపోయినా సరే. ఒక రోజు మాత్రం కష్టపడాలి: బాగా వార్మప్ చేసి, ఎనిమిది నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు తేలిగ్గా, ఇలా మూడుసార్లు. గట్టిగా అంటే రెండు మూడు ముక్కలకు మించి మాట్లాడలేనంత, కానీ మూడోసారి కూడా మొదటిసారి వేగమే రావాలి. రాలేదంటే మొదటిది ఎక్కువ తొక్కేశారని అర్థం, వచ్చే వారం తగ్గించుకోండి. ఆదివారం రెండున్నర గంటలు తీరిగ్గా ఎటైనా వెళ్లి రండి. మిగతా రోజులు విశ్రాంతి, అది కూడా శిక్షణలో భాగమే, కండ బలపడేది అప్పుడే.

నెలాఖరున టైమ్ తీసినప్పుడు మొదటి ఐదు కిలోమీటర్లు ‘ఇంకా తొక్కగలను కదా’ అని మనసు పీకుతూనే ఉండాలి, అయినా తొక్కకూడదు. మొత్తం టైమ్ ఎంతొచ్చినా ఫర్వాలేదు, వెళ్లిన సగానికీ వచ్చిన సగానికీ తేడా ఎంతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, పక్కన గాలి, ఎండ, ముందురోజు నిద్ర కూడా. ఆ తేడా ఐదు నిమిషాల నుంచి రెండుకు వస్తే, టైమ్ 41 ఉన్నా మీరు మెరుగయ్యారు. స్ట్రావాలో మీవాళ్ల టైమింగులు ఏ గాలిలో వచ్చాయో, నలుగురూ కలిసి తొక్కారో మీకు తెలియదు, వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ప్రశ్న: సార్, విజయవాడలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట వైపు తొక్కుతాను. ఏరో బార్స్ (ముందుకు వంగి మోచేతులు ఆనించి పట్టుకునే హ్యాండిళ్లు) పెట్టిస్తే టైమ్ బాగా తగ్గుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. డబ్బులు దాచుకుని కొననా?

జవాబు: పనిచేస్తాయమ్మా, అందులో సందేహం లేదు. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అప్పటికి మొత్తం టైమ్‌లో 50 సెకన్లు వెనకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్ ఏరో బార్స్‌తో తొక్కి, అవి లేని లోరాన్ ఫిన్యోన్ కంటే 58 సెకన్లు ముందొచ్చి, మూడు వారాల పోటీని 8 సెకన్లతో గెలిచాడు. కానీ అతనికి రోడ్డు మొత్తం మూసేసి ఇచ్చారు. మీకు కరకట్ట మీద ఎదురుగా బైకులు, ట్రాక్టర్లు, అడ్డం వచ్చే కుక్కలు. ఏరో బార్స్ పట్టుకున్నప్పుడు చేతులు బ్రేకుల మీద ఉండవు. ఆ రోడ్డుకి వద్దు, నా మాట వినండి.

గాలి ఎక్కువగా అడ్డుకునేది సైకిల్‌ని కాదు, మనిషిని. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని మోచేతులు వంచి, తల దించి (కళ్లు మాత్రం రోడ్డు మీదే) పది నిమిషాలు ఉండడం అలవాటు చేసుకోండి. పటపటలాడే వదులు టీషర్టు మానేసి ఒంటికి పట్టే జెర్సీ వేసుకోండి. దాచిన డబ్బులుంటే మంచి హెల్మెట్, వెనక లైటు ముందు.

ప్రశ్న: 200 కిలోమీటర్ల బ్రెవే చేస్తే టైమ్ ట్రయల్ మెరుగవుతుందా? (మంగళగిరి పాఠకుడు)

జవాబు: బ్రెవే అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం, పోటీ కాదు, 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేస్తే చాలు. ఓపిక పెరుగుతుంది, తింటూ తాగుతూ తొక్కడం వస్తుంది, ఆ పునాది టైమ్ ట్రయల్‌కి తప్పకుండా పనికొస్తుంది. అయితే 40 నిమిషాలు ఆయాసం అంచున నిలబడడం దానివల్ల రాదు, దానికి పైన చెప్పిన ఎనిమిది నిమిషాల సాధన వేరుగా చేయాలి. బ్రెవే అయ్యాక ఒక వారం తేలిగ్గా తొక్కి, ఆ తర్వాతే మళ్లీ మొదలుపెట్టండి.