కాంబోలో ఎక్కించిన డీవీడీ వేరే ప్లేయర్‌లో ఆడకపోతే

అన్నా, పెళ్లి వీడియో క్యాసెట్‌ని కాంబో రికార్డర్‌లో, అంటే క్యాసెట్, డీవీడీ రెండూ ఒకే దాంట్లో ఉండే మెషీన్‌లో, డీవీడీకి ఎక్కించారు, అది ఆ మెషీన్‌లోనే ఆడుతోంది, అత్తగారింట్లో ప్లేయర్‌లో పెడితే 'నో డిస్క్' అంటోంది, అంతేగా? టెన్షన్ పడకండి, డిస్క్ బాగానే ఉంది. ఫైనలైజ్ చేయలేదు మీరు. రికార్డింగ్ ఆపగానే పని అయిపోయిందనుకుంటాం గానీ, ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక లాంటిది చివర్లో డిస్క్ మీద రాయించాలి, అది లేకపోతే మిగతా ప్లేయర్లు చదవలేవు. మళ్లీ అదే రికార్డర్‌లో పెట్టి, మెనూలో ఫైనలైజ్ నొక్కండి. కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే డిస్క్ పాడైపోవచ్చు, ఇన్వర్టర్ ఉంటే దాని మీద పెట్టండి. ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్ అయితే ఆ తర్వాత ఇంకేమీ ఎక్కదు.

అన్నట్టు, బూజు పట్టిన క్యాసెట్ మాత్రం పెట్టకండి, నేను పెట్టాను, టేపు చదివే హెడ్ మూసుకుపోయి మెషీన్ నెల్లాళ్లు మూలన పడింది.